విశ్వకర్మ తీర్థం

పోయిన వారం మనం మలంచా పేటలో ఎర్రయ్య పెరటి గుమ్మం దగ్గర ఆగిపోయాం. పనసచెట్టు కింద విల్‌ఫ్రెడ్ దొర కారు, వెనక మూత తెరుచుకుని నిలబడి ఉంది. దానికి ఒక పక్క పిల్ల తండ్రి ఎర్రయ్య, ఇంకో పక్క పిల్లవాడి తండ్రి వెంకటరావు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డారు. మధ్యలో గోనెపట్టా పరుచుకుని పిల్లవాడు నూకరాజు పానా చేత పట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో ఎర్రయ్య భార్య చిట్టెమ్మ గుండె చేత పట్టుకుంది.

ఆ కారు మామూలు కారు కాదు. హిజిలీ ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చిన అమెరికా దొర ఒకాయన దేశం తిరిగి వెళ్లిపోతూ, ఏటా క్రిస్మస్‌కు తనకు కేకు పంపిన విల్‌ఫ్రెడ్‌కు దాన్ని వదిలేసి వెళ్లాడు. విల్‌ఫ్రెడ్ మెయిలు బండి నడిపి రిటైరయిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు. ఆయన ఇంటి దగ్గర నీడ లేదని కారును ఎర్రయ్య పెరట్లో ఉంచుతాడు. అందరి కార్లకూ ఇంజిను ముందుంటే దీనికి వెనక. ఆరు సిలిండర్లూ మూడు ఇటు, మూడు అటు వెల్లకిలా పడుకుని ఉంటాయి. నీళ్లు పోసే పని లేదు, ఫ్యాను గాలికే చల్లబడుతుంది. వాటన్నిటి నెత్తిమీదా టర్బో అని ఒక ఇనుప నత్తగుల్ల. బయటికి పోయే పొగ ఊరికే పోకుండా అందులో ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసనున్న ఇంకో చక్రం గాలిని పట్టి సిలిండర్లలోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బండి ఎగురుతుంది. ఎగిరేటప్పుడు సన్నగా ఈల వేస్తుంది. అందుకే మలంచా పిల్లలు దానికి ఈలబండి అని పేరు పెట్టారు.

విశ్వకర్మ పూజ వెళ్లిన మర్నాటి నుంచి ఆ ఈల ఆగిపోయింది. ఈలకు బదులు నీలం పొగ మొదలైంది. పూజకు ముందు టర్బో విప్పి, తుడిచి, మళ్లీ బిగించింది డీజిల్ షెడ్డులో టర్బోల పని చూసే నూకరాజే. ఎర్రయ్య ఆవిరి ఇంజిన్లు బాగుచేసే రైల్వే షాపులో ఫిట్టరు. డీజిళ్లు వచ్చి తన ఇంజిన్లను ఒక్కొక్కటిగా పక్కకు నెడుతున్నాయని ఆయనకు మొదటి నుంచీ కడుపుమంట. ఇంకేముంది, "ఇంజినుకి పొగ పెట్టినోడికి నా పిల్లనిత్తానేటి?" అని టీ దుకాణంలో నలుగురి ముందూ అనేశాడు. ఆ మాట, తనూ డీజిల్ షెడ్డులోనే పనిచేసే వెంకటరావు చెవిన పడింది. "తప్పు నా కొడుకుదైతే ఈ సంబందం నానే ఒదులుకుంటాను. కాకపోతే ఆ ఎర్రయ్యే తమలపాకులట్టుకుని నా గుమ్మానికొచ్చి అడగాల" అన్నాడు. అది తేల్చడానికే ఈ ఆదివారం పొద్దున్నే ఇంతమందీ చేరింది.

పిల్ల సంగతి చెప్పలేదు కదూ. అప్పలకొండ గోడవారన నిలబడి, పెరటి కనకాంబరాలన్నీ కోసేసి, ఇంకా ఏం కోయాలో తెలియక ఆకులు కోస్తోంది.

"ఫ్యాను బెల్టు జారిపోయుంటాది" అన్నాడు వెంకటరావు, గాలితో మాట్లాడుతున్నట్టు.

"బెల్టు జారితే ఇంజిను కాగుతాది గానీ పొగెందుకొత్తాది? డీజిలోళ్లకి అదీ తెల్దు" అన్నాడు ఎర్రయ్య, పనసచెట్టుతో మాట్లాడుతున్నట్టు.

"పెట్రోలు మంచిది కాదేమో."

"పెట్రోలు సెడ్డదైతే లోపల టకటకమని కొట్టుకుంటాది. మా దొరకి సెవులున్నాయి."

విల్‌ఫ్రెడ్ మడత కుర్చీలో కూర్చుని, టోపీతో విసురుకుంటూ, "అరే బాబా, ఇద్దరు మావల నోట్లోంచే ఎక్కువ పొగ వస్తా ఉంది. కుర్రోణ్ని పని చెయ్యనీండి" అన్నాడు.

నూకరాజు పనిలోకి దిగాడు. ముందు గాలి వెళ్లే గొట్టం ఊడదీశాడు. లోపల వేలు పెట్టి తీస్తే వేలంతా నూనె. టర్బో చక్రాన్ని కొనవేలితో తిప్పాడు. చిటికేస్తే బొంగరంలా తిరగాల్సిన చక్రం, చలికాలం పొద్దున్నే పక్క మీంచి లేవనని మొరాయించే పిల్లాడిలా కదిలింది. ఇరుసును పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాడు. ఆడలేదు. అతని ముఖంలో కొంచెం వెలుగొచ్చింది.

"ఇరుసు బాగుంది. అరగనేదు, ఒంగనేదు" అన్నాడు.

"మరి పొగో?" అన్నాడు ఎర్రయ్య.

"సూత్తన్నాను కద మావా."

టర్బోకు నూనె తెచ్చే సన్నగొట్టం మరలు విప్పి, దాని మూతిని ఒక సత్తుపళ్లెం మీదికి వంచాడు. ఏమీ రాలేదు. అందరూ మెడలు చాచారు. కాసేపటికి ఆ మూతి దగ్గర నల్లగా ఒక బొట్టు పుట్టింది. పుట్టి, లావెక్కి, అరిసెల పాకంలా సాగి సాగి, ఎంతకీ తెగకుండా పళ్లెంలోకి దిగింది.

"ఇది ఇంజిను నూనె కాదు" అన్నాడు నూకరాజు, వేళ్ల మధ్య నలిపి చూస్తూ. "ఇంత సిక్కగా ఉండదు. నాను మార్సిన నూనె నీళ్లలాగుండేది."

"నువ్వు మార్సిందే అది! అడ్డమైన నూనె పోసి ఇప్పుడు బొంకుతన్నావేటి?" అని ఎర్రయ్య గట్టిగా అందుకున్నాడు. ఆ గట్టిదనంలో ఏదో తేడా ఉంది. చిట్టెమ్మకు తెలుసు. ఆమె మొగుడు నిజంగా కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గిస్తాడు, పెంచడు.

సరిగ్గా అప్పుడే గాలి వంటింటి వైపు తిరిగింది. పళ్లెంలోంచి వాసన వచ్చి చిట్టెమ్మ ముక్కుకు తగిలింది.

మాడిన కొవ్వు వాసన. ఆ వాసనను ఆమె కళ్లకు గంతలు కట్టినా పట్టేస్తుంది. ఆవిరి ఇంజిను సిలిండర్లకు పోసే నూనె అది. వేడికి ఆగాలని అందులో కొవ్వు కలుపుతారు. పెళ్లయి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఎర్రయ్య ఖాకీ బట్టలు ఉతకడానికి కూర్చుంటే ఆ వాసనకు ఆమెకు అన్నం సయించేది కాదు. సోడా వేసి ఉడకబెట్టినా పోయేది కాదు. తరవాత తరవాత ఎంత అలవాటైందంటే, మొగుడి చొక్కా ఆ వాసన కొట్టకపోతే ఈయన ఈవేళ డ్యూటీ ఎగ్గొట్టి ఎక్కడ తిరిగాడా అని అడిగేది.

వెంకటరావుకు ఆ వాసన తెలియలేదు. పొద్దస్తమానం నస్యం పట్టే ముక్కు అది, నస్యం తప్ప దానికి ఇంకో లోకం లేదు. నూకరాజు డీజిల్ షెడ్డులోనే పని నేర్చుకున్నవాడు, ఆవిరి నూనె ఎరగడు. కానీ ఆవిరి మెయిలు నడిపిన విల్‌ఫ్రెడ్? ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి పళ్లెం మీదికి వంగాడు. ముక్కుపుటాలు కదిలాయి. నిటారుగా నిలబడి ఎర్రయ్యను ఒక్క చూపు చూశాడు. ఆ తరవాత పైన పనసకొమ్మకు చిక్కుకున్న ఎర్ర గాలిపటం ఒకటి ఉంటే, అంత అందమైనది పుట్టి ఎరగనట్టు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

దొరకు తెలిసిపోయింది, అనుకుంది చిట్టెమ్మ. తెలిసి కూడా స్నేహితుడి కోసం నోరు మూసుకున్నాడు. ఈయన కడుపులో ఇంకెన్ని దాచుకోగలడో!

గోడవారన అప్పలకొండ ఆకులు కోయడం మానేసింది. నూకరాజు ముఖం పాలిపోయింది. వెంకటరావు భుజం మీది కండువా తీసి దులిపాడు. అది వెళ్లిపోవడానికి ముందు ఆయన చేసే పని.

చిట్టెమ్మ గుమ్మంలోంచి పిలిచింది. "ఇదిగో, ఒకపాలి లోనకి రా."

"ఇప్పుడేటే? ఇక్కడ తగువు నడుత్తంటే."

"పాలు పొంగిపోతన్నాయి."

"పాలు పొంగితే దించు. నాను రావాలేటి?"

"రమ్మంటన్నానా!"

ఎర్రయ్య వచ్చాడు. చిట్టెమ్మ తలుపు దగ్గరగా వేసింది. పొయ్యి మీద ఏమీ లేదు, పొయ్యిలో నిప్పు కూడా లేదు.

"పాలేవే?"

"పాలు నేవు, నీ బొంద నేదు. ఏటి పోసినావు ఆ బండికి?"

"నానా? నానేటి పోత్తాను? ఆ గుంటడే..."

"నా కల్లోకి సూసి సెప్పు."

ఎర్రయ్య ఆమె కళ్లలోకి చూడలేదు. పసుపు డబ్బా చూశాడు, ఉప్పు జాడీ చూశాడు, అటక చూశాడు. చిట్టెమ్మ కూడా అటక చూసింది. పూజకని షాపులో ఇచ్చిన నూనె డబ్బా అక్కడ బోర్లించి ఉంది. నూనె ఉన్న డబ్బాను ఎవరూ బోర్లించరు.

"విశ్వకర్మ పూజనాడా?" అంది.

ఎర్రయ్య గొంతు తగ్గింది. అయితే కోపంతో కాదు.

"మరేటి సెయ్యమంటావే సిట్టీ. షాపులో నా మిషనుకి పసుపెట్టినాను, బొట్టెట్టినాను, దండేసినాను, తలంటినట్టు కొత్త నూనె పోసినాను. ఎవుడి మిషనుకి ఆడు పోసినాడు. మా అయ్య కాలం నుంచీ పోత్తన్నాం. ఇంటికొత్తే ఇది సెట్టుకింద ఊరికే సూత్తూ కూకుంది. పరాయి దేశం నుంచి ఒచ్చి మనింటి నీడన ఉంది. పండగపూట ఇంటికొచ్చినోళ్లకి ఏటీ పెట్టకుండా పంపుతామేటి? మనసొప్పనేదు."

"ఎంత పోసినావు?"

"తీర్తమంత."

"తీర్తమంటే సెంచాడా, సెంబుడా?"

ఎర్రయ్య మళ్లీ ఉప్పు జాడీ వైపు తిరిగాడు.

"డబ్బా అంతానా?" అంది చిట్టెమ్మ. "ఓలమ్మో! డబ్బా డబ్బా పోసేసినావా?"

"మెయిలింజిను తాగే నూనే అది! అంత పెద్ద ఇంజిను తాగి అరిగించుకుంటే ఈ బుల్లిదానికేటి రోగం?"

చిట్టెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. ముక్కులోంచి వచ్చింది, కళ్లలోంచి వచ్చింది. పీట మీద కూలబడి, పొట్ట పట్టుకుని, ఊపిరాడక చేత్తో నేల కొట్టింది.

"నవ్వకే. ఆడింటాడు."

"ఇనాలనే కదా! ఎల్లి సెప్పు."

"ఎంకట్రావు ముందా? నా తల దించమంటావా?"

చిట్టెమ్మ కళ్లు తుడుచుకుంది. నవ్వు పోయింది గానీ దాని వెచ్చదనం ముఖంలోనే ఉంది.

"దించకు. తలెత్తుకునే సెప్పు. పూజ సేసినానని సెప్పు, దొంగతనం సేసినావేటి? నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను. నాను సెప్తే డబ్బా కూడా పట్టుకెల్లి సెప్తాను. బయట నీ కూతురు సెట్టుకున్న ఆకులన్నీ దూసేసింది, సూసినావా? ఇంకాసేపుంటే కొమ్మలిరుత్తాది."

ఎర్రయ్య తలుపు తీశాడు. మళ్లీ వేశాడు. మీసం సవరించుకున్నాడు. మళ్లీ తీశాడు.

పెరట్లో వెంకటరావు అప్పటికే కండువా భుజాన వేసుకున్నాడు. నూకరాజు పానాలు సంచీలో సర్దుతున్నాడు.

"ఎంకట్రావు బావా" అన్నాడు ఎర్రయ్య. బావా అన్న పిలుపు ఆయన నోట విని ఎన్నేళ్లయిందో. వెంకటరావు చెయ్యి కండువా మీదే ఆగిపోయింది. "నీ కొడుకు సెయ్యి మంచిదే. నూనె సంగతి... అది... బండి తీర్తం పుచ్చుకుంది."

"ఏటి పుచ్చుకుంది?"

"తీర్తం. విశ్వకర్మ పూజది. నానే ఇచ్చినాను. మా షాపు నూనె."

వెంకటరావు పళ్లెం వైపు చూశాడు, కారు వైపు చూశాడు, కారు ముందు అద్దానికి ఇంకా వేలాడుతున్న ఎండిపోయిన బంతిపూల దండ వైపు చూశాడు. కడుపులో ఎక్కడో మొదలై, భుజాలు కదిలించుకుంటూ పైకొచ్చి, నస్యం పట్టిన ముక్కు దగ్గర తుమ్ముగా మారి, తుమ్ము తరవాత బయటపడింది ఆయన నవ్వు. "ఆవిరింజిను నూనె... కారుకి... తీర్తం!" అని పనసచెట్టును పట్టుకుని నవ్వాడు. విల్‌ఫ్రెడ్ గాలిపటాన్ని వదిలేసి కుర్చీలో పడి నవ్వాడు. గోడవారన అప్పలకొండ నవ్వింది. మావ ముందు నవ్వకూడదని పళ్లు బిగపట్టిన నూకరాజు, ఆ పిల్ల నవ్వు విని ఇక ఆగలేకపోయాడు.

"నవ్వండి, నవ్వండి" అన్నాడు ఎర్రయ్య. కాసేపటికి ఆయనా నవ్వాడు.

"ఇంతకీ నా తీర్తం దానికేటి సేసిందిరా?" అని అడిగాడు, గోనెపట్టా మీద నూకరాజు పక్కనే గొంతుక్కూర్చుని.

"మీ నూనె మంచిదే మావా. మీ ఇంజినుకి. ఈ టర్బో ఇరుసు నూనె మీద తేలుతూ తిరుగుతాది. మీ పెద్ద చక్రం ఒక సుట్టు తిరిగేలోపు ఇది ఎన్ని తిరుగుతాదో లెక్కకందదు. అందుకని నూనె సన్నగొట్టంలోంచి బేగి రావాల, బేగి కిందకి దిగిపోవాల. సిక్కటి నూనె పైకెక్కదు. ఎక్కింది దిగదు. దిగకపోతే నిండిపోయి, సందు సూసుకుని గాలిగొట్టంలో దూరి సిలిండర్లోకెల్లి కాలతాది. అదే నీలం పొగ."

"మరి ఈల?"

"పాకంలో పడ్డ చక్రం ఈలేటేత్తాది?"

ఆ తరవాత పెరడంతా పెళ్లివారిల్లులా అయింది. అడుగు మర విప్పి ఇంజినులోని నూనె మొత్తం దించేశారు. సన్నగొట్టాన్ని కిరసనాయిలుతో కడిగి, చీపురుపుల్ల దూర్చి, ఎర్రయ్య సైకిలు పంపుతో గాలి కొట్టారు. అవతలి కొసనుంచి నల్లటి ముద్ద ఒకటి ఎగిరి వెంకటరావు తెల్ల పంచె మీద పడింది. ఆయన దాన్ని దులుపుకుని మళ్లీ టర్బో మీదికే వంగాడు. టర్బో గుల్లను విప్పి కడిగి, చక్రాన్ని చిటికేస్తే ఈసారి అది తిరుగుతూనే ఉంది. ఇద్దరు తండ్రులూ తలలు ఆనించి మరీ చూశారు. విల్‌ఫ్రెడ్ తెచ్చిన పల్చటి నూనె పోశారు.

"ఇంక తాళం తిప్పు" అన్నాడు ఎర్రయ్య.

"అప్పుడే కాదు మావా. ముందు కరెంటు తీగ ఊడదీసి, ఇంజిను అంటుకోకుండా ఊరికే తిప్పాల. నూనె టర్బో దాకా ఎక్కనీ. ఎండు ఇరుసు మీద ఒక్కసారి పరిగెత్తిత్తే అయిపోయినట్టే."

ఎర్రయ్య తీగ ఊడదీసి తానే పట్టుకున్నాడు. చిట్టెమ్మ అది చూసి లోపలికి వెళ్లి నిజంగానే పొయ్యి రాజేసి పాలు పెట్టింది.

తీగ బిగించి తాళం తిప్పేసరికి బండి దగ్గి, ఒక్కసారి బుస్సుమని పాత పొగంతా కక్కి, తేటపడింది. విల్‌ఫ్రెడ్ దాన్ని మలంచా రోడ్డు మీదికి తీసి, బియ్యం దుకాణం దాటే దాకా మెల్లగా పోనిచ్చి, అక్కణ్నుంచి తొక్కాడు. రిక్షావాళ్లు పక్కకు తప్పుకున్నారు. ముందు సన్నగా, దూరంగా, ఎవరో పక్క వీధిలో పిలిచినట్టు. తరవాత దగ్గరగా, నిండుగా. ఈల!

"ఆయ్ బాబోయ్, ఈలబండి!" అని పిల్లలు అరుగుల మీంచి దూకారు. ఎర్రయ్య తన పంచె ఎగ్గట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

దొర తిరిగొచ్చి బండి నిలిపి తాళం తియ్యబోతే నూకరాజు చెయ్యడ్డం పెట్టాడు. "ఆపకండి దొరగారూ. కాసేపలగే తిరగనీండి. పరుగెత్తి ఒచ్చింది. లోపల చక్రం కాగిపోయుంటాది. ఇప్పుడాపితే నూనె ఆగిపోయి అక్కడే మాడి బొగ్గవుతాది. మా షెడ్డులో ఏ డీజిలునీ అలగ గబుక్కున ఆపం."

అప్పలకొండ ఆ మాట వింది. వినడమే కాదు, తల కూడా ఊపింది. ఆ తల ఊపడం ఎందుకో, గుమ్మంలోంచి చూసిన చిట్టెమ్మకు అప్పుడు తోచలేదు.

పాలగ్లాసులు పట్టుకుని ఆమె బయటికి వచ్చేసరికి మళ్లీ మొదలైంది.

"సరే మరి" అన్నాడు వెంకటరావు కండువాతో చేతులు తుడుచుకుంటూ. "తప్పు నా కొడుకుది కాదని తేలింది. మాట మాటే. తమలపాకులట్టుకుని నా గుమ్మానికి రా."

"నీ గుమ్మమా? మా అయ్య నూనెకుప్పె తిరిగిచ్చినాక ఒత్తాను."

ఈ రెండిళ్ల మధ్యా అసలు తగువు డీజిలూ కాదు, ఆవిరీ కాదు. ఆ కుప్పే. ఎర్రయ్య తండ్రి, వెంకటరావు తండ్రి ఒకే షాపులో ఒకే ఇంజిను మీద పనిచేసిన స్నేహితులు. ఎర్రయ్య తండ్రికి పొడుగు ముక్కున్న ఇత్తడి నూనెకుప్పె ఒకటి ఉండేది. దాని పొట్ట మీద తనే ఉలితో ఒక చేప బొమ్మ చెక్కుకున్నాడు. ఒకనాడు అది మాయమైంది. వెంకటరావు తండ్రే తీశాడని ఈ ఇల్లు అంది. పెద్దవాళ్లిద్దరూ పోయారు గానీ మాట పోలేదు, పిల్లల ముఖం చూసి సంబంధం కలుపుకుందామనుకున్నా పోలేదు. కుప్పె పోయిన నాటినుంచీ ఈ ఇంటి మంచినీళ్లు ఆ ఇంటివాళ్లు తాగలేదు. వెంకటరావు తల్లి సింహాచలమ్మ అయితే మధ్యనున్న లెవెల్ గేటు దాటి ఇటు రానని ఒట్టు పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మా అయ్య దొంగ కాడు!"

"అయితే కుప్పెకి కాల్లొచ్చినాయేటి?"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. పాలగ్లాసులు చిట్టెమ్మ చేతిలోనే చల్లారుతున్నాయి. అప్పుడు కారు దగ్గర్నుంచి అప్పలకొండ పిలిచింది.

"మావా! నువ్వు ఈల బయటినుంచే ఇన్నావు. లోన కూకుంటే ఇంకా బాగుంటాది. ముల్లు కూడా కదుల్తాది, గాలెంత కుక్కుతందో సూపిత్తాది. రా, కూకో."

డీజిల్ షెడ్డువాడికి అంతకన్నా ఏం కావాలి? వెంకటరావు తగువు సగంలో వదిలేసి, చెప్పులు బయట విడిచి, గుళ్లోకి వెళ్లినట్టు కారులోకి ఎక్కి కూర్చున్నాడు. అప్పలకొండ అటు తిరిగి వచ్చి స్టీరింగు వెనక కూర్చుంది. తలుపు వేసింది. ఎవరైనా ఏమైనా అనేలోపు బండి గేరులో పడింది.

"ఒలే! ఒలే కొండా!" అని అరిచాడు ఎర్రయ్య.

కారు పెరటి దడి దాటి, ఒక్క కుదుపూ లేకుండా మలుపు తిరిగి, మలంచా రోడ్డు ఎక్కింది. ఈల వేస్తూ వెళ్లిపోయింది. చిట్టెమ్మ విల్‌ఫ్రెడ్ వైపు తిరిగింది. ఆ పిల్ల నెలల తరబడి దొర భార్య ఆలిస్ దగ్గరికి కుట్టుపని నేర్చుకుంటానని వెళ్తోంది. ఇంతవరకు ఒక్క జాకెట్టు కుట్టి తేలేదెందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"దొరా!"

"మిషన్ ఈజ్ మిషన్, చిట్టెమ్మా" అన్నాడు విల్‌ఫ్రెడ్ భుజాలెగరేసి. "కాలితో తొక్కాలి, చేత్తో తిప్పాలి. కుట్టేదైతే ఏటి, నడిపేదైతే ఏటి?"

ఎర్రయ్య సైకిలెక్కాడు, చిట్టెమ్మ వెనక క్యారేజీ మీద ఎక్కింది. నూకరాజు సైకిలు క్యారేజీ మీద, టోపీ ఒక చేత్తో పట్టుకుని, విల్‌ఫ్రెడ్. దారిపొడుగునా మనుషులు నవ్వుతూ చేతులు చాచి దారి చూపించారు. "ఉధర్ గయా, ఉధర్!" అని ఒక రిక్షావాడు, "గేట్ కీ తరఫ్!" అని ఇంకొకడు. క్యారేజీ మీద ఎగిరెగిరి పడుతూ, ఒక చేత్తో మొగుడి నడుం పట్టుకుని, చిట్టెమ్మ భయపడదామని చాలా ప్రయత్నించింది. కుదరలేదు. తన కూతురు బండి మలుపు తిప్పిన తీరే కళ్లముందు ఆడుతోంది.

లెవెల్ గేటుకు అవతల, రైల్వే క్వార్టర్ల వరసలో వెంకటరావు ఇంటి ముందు కారు నిలిచి ఉంది. లోపల ఎవరూ లేరు. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. ఇంజిను మాత్రం ఆపలేదు. నెమ్మదిగా, హాయిగా, ఊపిరి తీసుకుంటున్నట్టు తిరుగుతోంది.

"సూసినావా మావా" అన్నాడు నూకరాజు ఆయాసపడుతూ, ముఖమంతా వెలుగుతో. "సల్లారబెడతంది."

ఇంట్లోంచి ముందు చెప్పుల్లేని కాళ్లతో వెంకటరావు వచ్చాడు. ఆయన ముఖం చూస్తే ఎవరో చేతిలోంచి తగువు లాక్కున్నట్టుంది. వెనకే అప్పలకొండ, ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని, నడుం వంగినా మెడ వంగని ముసలావిడ సింహాచలమ్మ. ఆవిడ నేరుగా వచ్చి కారు ముందు సీట్లో కూర్చుంది. ఒళ్లో కొంగు కింద ఏదో ఉంది.

"ఒరే ఎర్రిగా" అంది. "ఈ గుంట ఒచ్చి నన్ను రమ్మంది. గేటు దాటనని ఒట్టేసుకున్నానంటే, కాల్తో దాటననే కదా నాయనమ్మా, సక్రాల మీద దాటొచ్చు అంది. ఇన్నేళ్లూ మీకెవడికీ తోచనేదురా ఆ మాట."

కొంగు తీసింది.

పొడుగు ముక్కున్న ఇత్తడి కుప్పె. నిన్ననే చింతపండు పెట్టి తోమినట్టు ధగధగలాడుతోంది. పొట్ట మీద చేప.

ఎర్రయ్య చేతిలోంచి సైకిలు జారి పడింది. "అది... అది నీ కాడికెలగొచ్చింది అత్తా?"

"మా ఆయన దొంగిలించినాడనే కదా నీ గోల?" అని సింహాచలమ్మ బోసినోటితో నవ్వింది. "దొంగిలించనేదురా. నాకిది ఒకరు దాయమని ఇచ్చినారు. ఎవరిచ్చినారో, ఎందుకిచ్చినారో మీ ఇంట్లో కూకుని సెప్తాను. ఆ ఇచ్చినోళ్లు కూడా ఈ గుంపులోనే ఉన్నారు. ఆళ్లని కూడా ఎక్కించుకోండి, తప్పించుకుని పోనీకండి."

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చిట్టెమ్మ ఒక్కతే చూడవలసిన చోట చూసింది. నిలబడ్డ కారు టైరులో గాలి ఎంతుందో ఇప్పుడే చూడాలన్నట్టు వంగిన విల్‌ఫ్రెడ్, మెడ దాకా ఎర్రబడి, మెల్లగా టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.